ఒకే పాడులో రెండు వలలు

ఇంటి కంప్యూటర్‌లో రెండో యాంటీవైరస్ కూడా వేస్తే భద్రత రెట్టింపవుతుందని చాలామంది నమ్మకం. పులికాట్ ఒడ్డున ఒక ఇంట్లో ఆ నమ్మకం ఏం చేసిందో కళ్లారా చూశాక రాస్తున్న కథనం ఇది.

తడ నుంచి భీమునివారిపాళెం పడవల రేవు వైపు వెళ్లే దారిలో మా చిన్నాయన ఇల్లు. ఇరకం దీవి నుంచి, చుట్టుపక్కల జాలరి కుప్పాల నుంచి వచ్చే రొయ్యలు, ఎండ్రకాయలు కొని మద్రాసు పంపడం ఆయన వ్యాపారం. ఎవరి దగ్గర ఎంత సరుకు కొన్నాడు, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చాడు, ఐసుకు ఎంతయింది, లెక్కంతా ముందుగదిలోని కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఎనిమిదేళ్ల కిందట మద్రాసు రిచీ స్ట్రీట్‌లో కొని, సూళ్లూరుపేట లోకల్ రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న పెట్టె అది.

వానలు మొదలైన రోజుల్లో ఆయన ఫోన్ చేశాడు. "అబ్బయ్యా, ఈ కంప్యూటరు ఆన్ చేసి, రేవుకు పోయి సరుకు తూకం వేయించుకోని వచ్చినా ఇంకా తిరగతానే ఉండాది. పారేసి కొత్తది తెచ్చుకోమంటావా?"

వెళ్లి చూశాను. తెర కింద కుడి మూలన రెండు డాలు గుర్తులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఏటా డబ్బు కట్టి పొడిగించుకుంటున్న యాంటీవైరస్. రెండోది ఉచితంగా దొరికేది. రిపేరుకు తీసుకెళ్లినప్పుడు షాపులో కుర్రాడు మంచి మనసుతోనే వేసిచ్చాడట, "ఇంకోటి ఉంటే ఇంకా గట్టిగా ఉంటాది సార్" అని. ఎక్సెల్‌లో ఉన్న అడ్వాన్సుల పుస్తకం తెరవబోతే తెర బిగుసుకుపోయింది. కాసేపటికి ఒక డాలు హెచ్చరిక చూపించింది. దాన్ని మూసేలోగా రెండో డాలు అదే ఫైలు గురించి ఇంకో హెచ్చరిక చూపించింది. చిన్నాయన భయపడుతున్నట్టు వైరస్ ఏదీ అందులో లేదు. ఉన్నదల్లా ఒకే తలుపు దగ్గర ఇద్దరు కాపలాదారులు.

మా ఇంటి కంప్యూటర్ ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఆ తర్వాత సూళ్లూరుపేటలో, నాయుడుపేటలో తెలిసినవాళ్ల ఇళ్లలో చూసిన కంప్యూటర్లలోనూ ఇదే కనిపించింది. పిల్లల చదువు, ఇంటి ఫొటోలు, బ్యాంకు పనులు ఉన్న కంప్యూటర్లను జాగ్రత్తగా చూసుకోవాలన్న ఆరాటంతోనే రెండేసి వేసుకున్నారు. ఆరాటంలో తప్పు లేదు. ఇంకోటి చేర్చితే రక్షణ పెరుగుతుందన్న లెక్క తప్పు.

పాడు అంటే ఏమిటి

పెద్దవాళ్లు ప్రళయకావేరి అని పిలిచే ఈ పులికాట్ సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడు వైపు జాలరి ఊళ్లలో 'పాడు' అనే కట్టుబాటు తరతరాలుగా ఉంది. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారానికి దగ్గరగా, నీటి పారుదల ఎక్కువగా ఉండే చోట్లను పాడులుగా గుర్తిస్తారు. ఏ రోజు ఎవరు అక్కడ వల కట్టాలో వంతులు వేసుకుంటారు. గుంజలకు కట్టిన వలలోకి ఆటుపోట్లే రొయ్యను తోసుకొస్తాయి. ఒకరి వంతు నడుస్తుండగా రెండోవారు అదే ధారలో వల దించరు. దించితే వలలు చిక్కుపడతాయి, ధార మందగిస్తుంది, తగవు మొదలవుతుంది. రొయ్య మాత్రం రెట్టింపు పడదు.

కంప్యూటర్‌లో యాంటీవైరస్ కూర్చునేది కూడా అలాంటి ఇరుకు చోటే. మీరు ఒక ఫైలు మీద నొక్కగానే అది నేరుగా తెరుచుకోదు. విండోస్ లోపల అన్నిటికంటే లోతైన పొర ఒకటుంది, దాన్ని కెర్నల్ అంటారు. యాంటీవైరస్ అక్కడ ఒక జల్లెడ కట్టి ఉంచుతుంది. తెరవమన్న ప్రతి ఫైలునూ ఆపి, చదివి, తన దగ్గరున్న వైరస్ ఆనవాళ్లతో పోల్చి, బాగుందనుకుంటేనే వదులుతుంది. ఎక్సెల్ ఒక్కటి మొదలవడానికే లోపల ఎన్నో ఫైళ్లు తెరుచుకుంటాయి. ప్రతిదానికీ ఇదే తంతు.

రెండో యాంటీవైరస్ కూడా అక్కడే జల్లెడ కడితే ప్రతి ఫైలూ రెండుసార్లు ఆగుతుంది. కొన్నిసార్లు మొదటిది పరీక్ష కోసం ఫైలును చదవడమే రెండోదానికి కొత్త కదలికగా కనిపిస్తుంది. అది దాన్నీ ఆపి చూస్తుంది. పాత డెస్క్‌టాప్‌లలో హార్డ్ డిస్క్ పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటాయి. చదివే ముల్లున్న చేతులన్నీ కలిసే కదలాలి. ఇద్దరు యజమానులు చెరో వైపు లాగితే అవి అటూ ఇటూ గెంతడంతోనే పొద్దు గడిచిపోతుంది. చిన్నాయన రేవుకు వెళ్లి వచ్చేదాకా కంప్యూటర్ లేవకపోవడానికి కారణం ఇదే.

నెమ్మది ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. నిజంగా వైరస్ దొరికినప్పుడు జరిగేది ఇంకా చెడ్డది. మొదటిది ఫైలును పట్టుకుని విడిగా పెట్టబోతుంది. అదే క్షణంలో రెండోది కూడా దాన్ని పట్టుకుని ఉంటుంది. ఒకరు వదిలితే తప్ప ఇంకొకరు కదిలించలేరు. హెచ్చరికలు వస్తూనే ఉంటాయి, ఫైలు ఉన్నచోటే ఉంటుంది. వైరస్‌ను గుర్తుపట్టడానికి ఒక యాంటీవైరస్ దాచుకున్న ఆనవాళ్లను చూసి రెండోది దాన్నే దొంగ అనుకోవడం కూడా ఉంది.

ఈ జల్లెడలు ఒకదాని మీద ఒకటి ఏ వరుసలో ఉండాలో మైక్రోసాఫ్ట్ ఒక పద్ధతి పెట్టింది. ప్రతి జల్లెడకూ 'ఎత్తు' అని ఒక సంఖ్య కేటాయిస్తుంది. యాంటీవైరస్‌లది 3,20,000తో మొదలయ్యే శ్రేణి. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది దాంతో తేలుతుంది. ఒకే పనికి ఇద్దరు ఎందుకన్నది మాత్రం తేలదు. ఆ ప్రశ్నకు మైక్రోసాఫ్ట్ తన సొంత యాంటీవైరస్‌తోనే జవాబిచ్చింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి డిఫెండర్ విండోస్‌తో కలిసే వస్తోంది. మనం వేరే కంపెనీ యాంటీవైరస్ వేసి, అది విండోస్ సెక్యూరిటీలో తన పేరు నమోదు చేసుకోగానే, డిఫెండర్ కాపలా పని వదిలి పక్కకు తప్పుకుంటుంది. పాడు ఒకరిదేనని విండోస్ తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారు. కానీ బయటి కంపెనీలవి రెండు వేస్తే తప్పుకునేవాళ్లు ఎవరూ ఉండరు. చిన్నాయన ఇంట్లో జరిగింది అదే.

షార్ నుంచి వచ్చిన ప్రశ్న

సూళ్లూరుపేటలో ఈ మాట చెబితే ఎదురు ప్రశ్న తప్పదు. ఊరి నిండా షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, పనిచేసేవాళ్లు, చేసి రిటైరైనవాళ్లు. అలాంటి పెద్దాయన ఒకరు నన్ను నిలదీశారు. "రాకెట్‌లో ముఖ్యమైనవి రెండేసి పెడతారు కదయ్యా. ఒకటి చెడితే ఇంకోటి ఆదుకుంటుంది. నీ కంప్యూటర్‌కు ఆ న్యాయం ఎందుకు వర్తించదు?"

మంచి ప్రశ్న. జవాబు కూడా రాకెట్ల చరిత్రలోనే ఉంది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి యూరప్ రాకెట్ ఆరియాన్-5 మొదటిసారి ఎగిరింది. దిశను లెక్కగట్టే పరికరాలు అందులో రెండు ఉన్నాయి. ఒకటి నడుపుతుంటే రెండోది సిద్ధంగా ఉండాలి. రెండింటిలోనూ ఉన్నది ఒకే సాఫ్ట్‌వేర్. ఒక పెద్ద సంఖ్యను చిన్న గడిలో ఇరికించబోయి ఆ సాఫ్ట్‌వేర్ దెబ్బతింది. మొదటిది ఆగిపోయి రెండోదాని వైపు చూసేసరికి, అది అదే తప్పుతో సెకనులో పదో వంతు కూడా తేడా లేకుండా ముందే ఆగిపోయి ఉంది. బయలుదేరిన దాదాపు 40 సెకన్లకు రాకెట్ ముక్కలైంది.

నేను ఆయనకు రెండు సంగతులు చెప్పాను. రాకెట్‌లో అలాంటి జంటల్లో నడిపేది ఒకటే, రెండోది ఎదురుచూస్తుంది. ఎవరు ఎప్పుడు పగ్గం అందుకోవాలో ముందే రాసి ఉంటుంది. రెండు యాంటీవైరస్‌ల మధ్య అలాంటి ఒప్పందం ఏదీ ఉండదు, రెండూ ఒకేసారి పగ్గం పట్టుకుంటాయి. ఇక రెండోది, లోపల ఒకే బుర్ర ఉన్నప్పుడు పెట్టెలు రెండున్నా ఒకటే లెక్క.

ఈ రెండో సంగతి కొనేవాళ్లకు సాధారణంగా తెలియదు. రుమేనియా కంపెనీ బిట్‌డిఫెండర్ తయారుచేసిన, వైరస్‌లను గుర్తుపట్టే ఇంజన్‌ను ఎన్నో ఇతర కంపెనీలు అద్దెకు తీసుకుని తమ పేరుతో అమ్ముతున్నాయి. అవాస్ట్ 2016లో ఏవీజీని కొనేసింది. 2022లో నార్టన్, అవాస్ట్ కలిసిపోయి జెన్ డిజిటల్ అయ్యాయి, అవీరా కూడా ఆ గూటిదే. నాలుగు రంగుల డబ్బాల వెనక యజమాని ఒక్కరే. రెండు పేర్లు చూసి రెండు కళ్లనుకుంటాం, కొన్నిసార్లు రెండిటికీ చూపు ఒకటే.

మన దగ్గరా మంచి యాంటీవైరస్‌లు తయారయ్యాయి. పులికాట్‌కు పక్కనే ఉన్న మద్రాసులో కే7 కంప్యూటింగ్ 1991లో మొదలైంది. పుణెలో కట్కర్ సోదరులు నడిపిన చిన్న కంప్యూటర్ రిపేరు వ్యాపారం నుంచి క్విక్ హీల్ పుట్టింది. ఏది వాడాలన్నది మీ ఇష్టం. నాకు ఇందులో పక్షపాతం లేదు. వాడేది ఒకటే ఉండాలన్నదే నా పట్టుదల.

చిత్తూరు జిల్లా నేర్చుకున్న పాఠం

2017 మే 12, శుక్రవారం. వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితేనే తీస్తానంది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలయ్యాయి. మరునాటికి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ పేరు వార్తల్లోకి వచ్చింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అప్పటి వార్తలు చెప్పాయి. ఆ వారంలోనే తిరుపతిలో దేవస్థానం కార్యాలయాల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి.

ఈ వైరస్ ఎవరో పంపిన ఫైలును తెరిస్తేనే వచ్చే రకం కాదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఏర్పాటులో ఒక కన్నం ఉంది. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు అది ఆ కన్నంలోంచే దూరింది. ఆ కన్నాన్ని పూడ్చే మందు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాడికి దాదాపు రెండు నెలల ముందు. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ ఆ అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లు. కొన్ని విండోస్ ఎక్స్‌పీవి. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి.

మందు చేతిలో ఉండి కూడా రెండు నెలలు వేసుకోలేదన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అప్‌డేట్ అడిగినప్పుడల్లా "తర్వాత" నొక్కే అలవాటు మన ఇళ్లలో ఎంత ఉందో తలుచుకుంటే ఇంకా భయమేస్తుంది. రెండో యాంటీవైరస్ ఉన్నందువల్ల కంప్యూటర్ నెమ్మదించి, అప్‌డేట్ గంటలు పట్టి, విసిగిపోయి దాన్ని ఆపేసినవాళ్లను నేను చూశాను. రక్షణ కోసం చేర్చినదే అసలు రక్షణకు అడ్డుపడింది.

విండోస్ 10 వాడుతున్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. నమోదు చేసుకోకుండా మూడు యాంటీవైరస్‌లు వేసుకున్నా, గోడకున్న కన్నం కన్నంగానే ఉంటుంది.

కాపలాదారు చేతిలో తాళాలు

యాంటీవైరస్‌కు కెర్నల్ దాకా దారి ఇవ్వడమంటే ఇంటి తాళాలన్నీ ఇచ్చినట్టు. ఆ తాళాలు పట్టుకున్నవాడు తడబడితే ఏమవుతుందో హైదరాబాద్ విమానాశ్రయం చూసింది. 2024 జూలై 19 ఉదయం, మన టైము 9.39కి, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులో తప్పు ఉంది. ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. తప్పు గ్రహించి గంటా 18 నిమిషాల్లో వెనక్కు తీసుకున్నా, అప్పటికే పడిపోయినవాటిని మనుషులు ఒక్కొక్కటిగా లేపాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి బయలుదేరే ప్రయాణికులకు ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అలాంటి ఒక కాగితం ఫొటో దేశమంతా తిరిగింది.

క్రౌడ్‌స్ట్రైక్ ఇళ్లలో వాడేది కాదు. కానీ ఇంటి యాంటీవైరస్ కూర్చునేదీ ఆ పొరలోనే. ఒకరికి తాళాలు ఇవ్వడం తప్పదు. ఇంకొకరికి కూడా ఇస్తే, అలాంటి తడబాటుకు మన ఇంట్లో దారులు రెండవుతాయి.

మరి రెండో అభిప్రాయం అక్కర్లేదా? కావాలి. డాక్టరు చెప్పింది నమ్మకం కుదరకపోతే ఇంకో డాక్టరు దగ్గరకు వెళతాం. ఇద్దరినీ ఒకేసారి పిలిచి ఒకే ఆపరేషన్ చేయమనం. ఎప్పుడూ మేలుకొని ఉండే యాంటీవైరస్ ఒకటి ఉండాలి. దానితోపాటు, పిలిచినప్పుడే వచ్చి చూసి వెళ్లే రకాన్ని వాడుకోవచ్చు. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రూపం అలాంటిది. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ కూడా అంతే. డిఫెండర్‌ను కూడా ఇలా వాడుకునే వీలుంది. 2016 నుంచి విండోస్ 10లో, వేరే యాంటీవైరస్ కాపలా కాస్తున్నా, డిఫెండర్‌ను అప్పుడప్పుడు మాత్రం తనిఖీ చేయమని చెప్పవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా వైరస్ తొలగించే పనిముట్లను ఉచితంగా ఇస్తోంది.

ఒక్క ఫైలు మీదే అనుమానం ఉంటే వైరస్‌టోటల్ ఉంది. 2004లో స్పెయిన్‌లో పుట్టింది, 2012లో గూగుల్ కొన్నది. అక్కడ ఆ ఫైలును డెబ్బైకి పైగా ఇంజన్లు పరీక్షిస్తాయి. అదంతా వాళ్ల సర్వర్లలో జరుగుతుంది కాబట్టి మీ కంప్యూటర్‌కు బరువు పడదు. ఒక్క జాగ్రత్త అవసరం. అక్కడ పెట్టిన ఫైళ్లను భద్రతా పరిశోధకులు చూడగలరు. ఆధార్, పాన్, బ్యాంకు కాగితాలు అందులో పెట్టకండి.

ఇంకో ప్రమాదం ఉంది. ఏదో సైటు చూస్తుండగా తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, ఇది వెంటనే వేసుకోండి" అంటుంది. లేదా ఒక ఫోన్ నంబర్ చూపిస్తుంది. ఒకటి సరిపోదేమో అన్న మన భయం మీదే ఆ మోసం నడుస్తోంది. వేయమనేది యాంటీవైరస్ కాదు, అదే వైరస్. ఆ నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుంటే, క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చిన్నాయన కంప్యూటర్ ఇప్పుడు

ఆ రోజు మొదట చేసిన పని లెక్కల ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించడం. అప్పటిదాకా ఆ అడ్వాన్సుల పుస్తకానికి రెండో ప్రతి లేదు. ఇంటికి రెండోది కావాలంటే అది యాంటీవైరస్ కాదు, ఆ ప్రతి. తర్వాత ఉచితంగా వేసిన యాంటీవైరస్‌ను తీసేశాం. విండోస్‌లోని మామూలు దారిలో తీసేసినా కొన్ని ముక్కలు కెర్నల్‌లో మిగిలిపోతుంటాయి. అందుకే చాలా కంపెనీలు తమదాన్ని పూర్తిగా తుడిచేసే పనిముట్టును తమ సైటులోనే ఉంచుతాయి. దాన్ని తెచ్చి నడిపి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశాం. డబ్బు కట్టినదాన్ని గడువు దాకా ఉంచాం. విండోస్ 10 భద్రతా అప్‌డేట్లకు నమోదు చేశాం. గడువు తీరాక డిఫెండర్ చాలునని ఆయనకు చెప్పాను. అప్పుడు అందులోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌ను కూడా ఆన్ చేస్తాం. వానాక్రై లాంటివి లెక్కల ఫోల్డర్‌ను ముట్టుకోకుండా అది అడ్డుకుంటుంది. అది విండోస్‌లో ఉన్నా మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయదు. డిఫెండర్ కాపలాలో ఉంటేనే పనిచేస్తుంది.

వారం తర్వాత ఫోన్ వచ్చింది. "కొత్తది కొనబల్లే అబ్బయ్యా. కాఫీ కలుపుకోనొచ్చేలోగా లేస్తా ఉండాది."

ఈ ఆదివారం మీ ఇంటి కంప్యూటర్ ముందు పది నిమిషాలు కూర్చోండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ రక్షణ దగ్గర ఎవరి పేరుందో చూడండి. రెండు పేర్లు కాపలాలో కనిపిస్తే ఒకదాన్ని పూర్తిగా తీసేయండి. ఆగి ఉన్న అప్‌డేట్ ఏదైనా ఉంటే వేయండి. అది పూర్తయ్యేలోపు మీ పిల్లల ఫొటోలను ఒక బయటి డిస్క్‌లోకి ఎక్కించి, ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి.